వజ్రాల పట్టణానికి వచ్చిన బాటసారి



సొలొమోను ఓడలు ఓఫీరు నుంచి బంగారం తెచ్చాయని మనలో చాలామంది సండేస్కూల్లోనే విన్నాం. ఆ ఓఫీరు ఏ దిక్కున ఉందో, ఎన్నాళ్ళ ప్రయాణమో రాజుల గ్రంథం చెప్పలేదు. చెప్పని ఆ ఒక్క సంగతి ఐరోపా నావికులకు వందల ఏళ్ళపాటు నిద్ర లేకుండా చేసింది. అట్లాంటిక్ దాటి వెళ్ళిన కొలంబస్ తాను చేరిన దీవే ఓఫీరు అని నమ్మాడు. పెరూ తీరం నుంచి బయలుదేరిన అల్వారో దె మెండాన్యా అనే స్పెయిన్ నావికుడు 1568లో పసిఫిక్ సముద్రంలో కొన్ని దీవులు చేరాడు. వాటికి సొలొమోను దీవులనే పేరు పడింది. అక్కడ సొలొమోను బంగారమేమీ దొరకలేదు. పేరు మాత్రం ఈనాటికీ ప్రపంచపటంలో నిలిచివుంది.

దక్షిణ అమెరికాలో ఎల్ డొరాడో కథ కూడా ఇలాంటిదే. ఒక తెగ నాయకుడు ఒంటికి బంగారు పొడి పూసుకొని సరస్సులో మునుగుతాడన్నది మొదట పుట్టిన మాట. నోటినోటికీ మారుతూ పోయేసరికి బంగారు మనిషి బంగారు పట్టణమయ్యాడు, పట్టణం రాజ్యమైంది. 1540లో కొరొనాడో అనే సేనాని ఏడు బంగారు నగరాల కోసం మెక్సికో నుంచి ఉత్తరానికి పెద్ద దండుతో వెళ్ళి, మట్టి గోడల పల్లెలు చూసి వచ్చాడు. ఇంగ్లండుకు చెందిన వాల్టర్ రాలీ రెండుసార్లు గయానా అడవులకు వెళ్ళి, రెండోసారి కొడుకును పోగొట్టుకొని, ఉత్తచేతులతో తిరిగివచ్చి 1618లో తల కోల్పోయాడు.

ఎంతో లోకజ్ఞానం ఉన్న ఈ మనుషులు ఇంత సులువుగా ఎందుకు నమ్మారు? వాళ్ళను వెర్రివాళ్ళని కొట్టిపారేస్తే మనకు నేర్చుకునేదేమీ మిగలదు. ప్రతి కథలోనూ ఎక్కడో ఒక గింజంత నిజం ఉంది. మెక్సికోలో కొర్తేస్‌కూ, పెరూలో పిజారోకూ నిజంగానే బంగారం దొరికింది. ఒకరికి దొరికిందంటే తరువాతివాడికీ దొరుకుతుందనిపించడం సహజం. పైగా ఈ ప్రయాణాలు చాలావరకు అప్పు తెచ్చిన డబ్బుతో సాగేవి. అప్పిచ్చినవాడి ముఖం చూడలేనివాడు ఇంకొక కొండ దాటితే దొరుకుతుందేమోనని ముందుకే పోతాడు గాని వెనక్కి రాడు. దండు తమ ఊరి మీద పడిన స్థానికులు కూడా ఆ బంగారం ఇక్కడ కాదు, అదిగో ఆ కొండల అవతల అని వేలు చూపించి తప్పించుకునేవారు. అలా బంగారు పట్టణం ఎప్పుడూ ఒక కొండ అవతలే ఉండిపోయింది.

అయితే ఆ కాలపు కథల్లో ఒక పట్టణం మాత్రం నిజంగా ఉంది. అది మన గోల్కొండ. దాన్ని వెతుక్కుంటూ వచ్చి, చూసి, లెక్కపెట్టి, రాసిపెట్టిన వర్తకుడు ఒకడున్నాడు. ఆయన పేరు జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్. ఈ వారం ఆయన జీవితాన్ని తలచుకుందాం.

వినికిడి మొదలైంది మన తీరంలోనే

టావెర్నియర్‌కు మూడున్నర శతాబ్దాల ముందు, కాకతీయుల కాలంలో, వెనిస్ వర్తకుడు మార్కో పోలో మన మోటుపల్లి రేవు గురించి రాశాడు. ఆ రాజ్యాన్ని వివేకం గల ఒక రాణి ఏలుతోందని చెప్పాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి వజ్రాల గురించి ఆయన ఒక వింత కథ కూడా చెప్పాడు. మనిషి దిగలేని లోయల్లో పాముల నడుమ వజ్రాలు ఉంటాయట. పైనుంచి మాంసపు ముక్కలు విసిరితే వజ్రాలు వాటికి అంటుకుంటాయట. గద్దలు ఆ మాంసాన్ని పైకి తెచ్చినప్పుడు మనుషులు వాటిని తరిమి వజ్రాలు ఏరుకుంటారట. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన నికోలో కోంటి అనే ఇటలీవాడు కూడా ఇలాంటి కథనే తీసుకెళ్ళాడు.

వజ్రాలు ఉన్నమాట నిజం. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్ళేవి. వాటిలో మేలైనవి కృష్ణా తీరపు కంకర నేలల నుంచి వచ్చేవి. కాని పాముల లోయ, గద్దల మాంసం మాత్రం కల్పన. ఆ కల్పన ఒక సంగతిని కప్పేసింది. లోయలో పాములు, ఆకాశంలో గద్దలు ఉన్న కథలో నేల తవ్వే మనిషి ఎక్కడా కనిపించడు.

పటాల ఇంటి బిడ్డ

టావెర్నియర్ 1605లో పారిస్‌లో పుట్టాడు. ఆయన కుటుంబం ప్రొటెస్టెంట్ కుటుంబం. నేటి బెల్జియంలో ఉన్న ఆంట్‌వెర్ప్ పట్టణం నుంచి విశ్వాసం కారణంగానే తరలివచ్చి పారిస్‌లో స్థిరపడింది. తండ్రి గాబ్రియేలు దేశపటాలు గీయించి అమ్మేవాడు. పండితులు ఆ అంగడికి వచ్చి దూరదేశాల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటుంటే పిల్లవాడు మూల కూర్చొని వినేవాడు. మన పిల్లలు చందమామ కథలు విన్నట్టు ఆయన నదుల పేర్లు, రేవుల పేర్లు వింటూ పెరిగాడు.

ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి ఇంగ్లండు, జర్మనీ, పోలండు, హంగరీ, ఇటలీ తిరిగేశాడు. 1631లో మొదటిసారి తూర్పు దారి పట్టి పర్షియా దాకా వెళ్ళివచ్చాడు. అప్పటినుంచి 1668 వరకు మొత్తం ఆరు ప్రయాణాలు చేశాడు. రెండో ప్రయాణంలో మొదటిసారిగా మన దేశంలో అడుగుపెట్టాడు. ఆనాడు పారిస్ నుంచి గోల్కొండకు రావడమంటే ఒంటెలు, ఎద్దులు, గాలివాటు ఓడల మీద నెలల తరబడి సాగే ప్రయాణం. తుర్కుల సుంకం, పర్షియా సుంకం, ఎడారి దొంగలు, దారిలో జ్వరాలు అన్నీ దాటాలి. వజ్రాలలో ఆయనకు కనిపించిన వీలు ఒక్కటే. కోట్ల విలువైన సరుకు నడుముకు కట్టిన సంచిలో పడుతుంది.

భాగ్యనగరంలో ఆయన చూసినవి

ఐరోపాలో గోల్కొండ అన్న మాటకు అర్థమే మారిపోయింది. అంతులేని ధనం ఉన్నచోటు అనడానికి ఇంగ్లీషువాళ్ళు గోల్కొండ అనడం అలవాటు చేసుకున్నారు. ఏనాడూ మన ముఖం చూడని అమెరికావాళ్ళు కూడా తమ ఊళ్ళకు ఆ పేరు పెట్టుకున్నారు. తెలుగువాడికి మాత్రం ఆ మాటలో వినిపించేది బంగారం కాదు, గొల్లలు. గొల్లకొండ అంటే గొర్రెల కాపరుల కొండ.

టావెర్నియర్ వచ్చేనాటికి అబ్దుల్లా కుతుబ్ షా రాజు. చార్మినార్ కట్టి యాభై ఏళ్ళు దాటింది. గోల్కొండ అన్నది కోట పేరనీ, రాజధాని పట్టణం దానికి రెండు క్రోసుల దూరంలోని భాగ్యనగరమనీ ఆయన మొదటే స్పష్టంగా రాసుకున్నాడు. మూసీ మీది వంతెన గురించి రాశాడు. అదే నేటి పురానాపూల్. ఆ వంతెనకు ఇవతల, నేటి కార్వాన్ ఉన్న వైపు, క్రోసు పొడవున ఒక పేట ఉండేదని చెప్పాడు. వర్తకులు, దలారులు, చేతిపనివాళ్ళు, సామాన్యులు అందరూ ఆ పేటలోనే ఉండేవారు. వంతెనకు అవతలి నగరంలో ప్రభువులు, రాజోద్యోగులు, సైనికులు ఉండేవారు. పొద్దున పది పదకొండు గంటలకు వర్తకులు వంతెన దాటి నగరంలోకి వచ్చి పరదేశులతో బేరాలు చేసుకొని, సాయంత్రం తిరిగి ఏటి ఇవతలికి వెళ్ళిపోయేవారు. ఈ రోజు పాతబస్తీలో ఉద్యోగం చేసి సాయంత్రం పూల్ దాటి ఇంటికి వెళ్ళేవారు ఎంతమందో!

ఆయన చూసేనాటికి మక్కా మసీదు ఇంకా కడుతూనే ఉన్నారు. లోపలి గూడు కోసం తెచ్చిన ఒక్క బండను గని నుంచి విడదీయడానికి 500 నుంచి 600 మందికి అయిదేళ్ళు పట్టిందనీ, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులను కట్టారనీ రాశాడు. ఆ కట్టడం 1694 నాటికి గాని పూర్తికాలేదు. ఇక్కడ ఆయన స్వభావం తెలుస్తుంది. అద్భుతం అని రాసి ఊరుకోడు. ఎంతమంది, ఎన్నేళ్ళు, ఎన్ని ఎద్దులు అని అడుగుతాడు.

ఇక్కడే ఆయనకు తెలిసిన ఇంకొక సంగతి ఉంది. వజ్రాల పట్టణమని లోకం పిలిచే గోల్కొండలో వజ్రాల గనే లేదు. అది సంత, సానబట్టే చోటు, భద్రపరిచే కోట. వజ్రం పుట్టే చోటు ఇంకా ఎన్నో రోజుల ప్రయాణం. మిగిలిన వర్తకులు చాలామంది సంతలోనే సరుకు కొనుక్కొని తృప్తిపడేవారు. టావెర్నియర్ గని దాకా వెళ్ళాడు.

గని అన్న తెలుగు మాట

గోల్కొండకు తూర్పుగా ఏడు రోజుల ప్రయాణంలో, కృష్ణ ఒడ్డున కొల్లూరు ఉంది. ఆ చోటును దేశభాషలో గని అంటారని టావెర్నియర్ రాశాడు. పారిస్ వర్తకుడి పుస్తకంలో మన తెలుగు మాట అలా చేరింది. అంతకు దాదాపు వందేళ్ళ ముందు ఒక పేదవాడు చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతుంటే మొనదేలిన రాయి ఒకటి దొరికిందట. దాని బరువు సుమారు 25 క్యారెట్లు. దాన్ని గోల్కొండకు తీసుకువెళ్తే, అదృష్టవశాత్తు వజ్రాల వర్తకుడి దగ్గరకే చేరాడు. ఆ వర్తకుడు అంత పెద్ద వజ్రాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. కొల్లూరు గని కథ అలా మొదలైంది.

టావెర్నియర్ వెళ్ళేసరికి అక్కడ సుమారు 60,000 మంది పనిచేస్తున్నారు. మగవాళ్ళు తవ్వేవారు. ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవారు. పక్కనే రెండడుగుల ఎత్తు గోడ కట్టిన చదును చోట ఆ మట్టి పోసి, నీళ్ళు పట్టి, బురదను బయటికి వదిలేవారు. మిగిలినదాన్ని ఎండబెట్టి, వడ్లు తూర్పారబట్టినట్టు చేటలతో తూర్పారబట్టేవారు. గడ్డలను రోకళ్ళతో దంచి, మళ్ళీ తూర్పారబట్టి, చివరకు వరసగా కూర్చొని చేతులతో ఏరేవారు. పాములూ గద్దలూ లేవు. మన పల్లెల్లో కళ్ళంలో చేసే పనే, వడ్ల గింజకు బదులు వజ్రపు గింజ.

గోల్కొండకు అయిదు రోజుల దూరంలోని మరొక గనిలో కూలీల సంగతి ఆయన మరింత వివరంగా చెప్పాడు. ఆ ఊరి పేరును ఆయన రావలకొండ అన్నట్టుగా రాశాడు. పని బాగా తెలిసినవాడికి కూడా సంవత్సరానికి మూడు వరహాల జీతం. ఒంటి మీద గోచీ తప్ప మరేమీ ఉండనిచ్చేవారు కాదు. ప్రతి 50 మంది కూలీలకు 12 నుంచి 15 మంది కావలివాళ్ళు. అయినా ఆకలి మనిషి చేత ఏదైనా చేయిస్తుంది. కొందరు రాయిని మింగేవారు. ఒకడు కంటి మూలలో దాచుకొని పట్టుబడ్డాడు. పెద్ద రాయి దొరికి దాన్ని యజమానికి అప్పగించినవాడికి తలపాగా గుడ్డ, కాస్త డబ్బు, బియ్యం, ఒక పళ్ళెం చక్కెర బహుమానం.

అదే ఊరిలో పొద్దున్నే చెట్టు కింద పది నుంచి పదహారేళ్ళ వర్తకుల పిల్లలు కూర్చునేవారు. ఒక్కొక్కరి నడుముకు తూకపు రాళ్ళ సంచి ఒక పక్క, వందల వరహాల సంచి మరో పక్క. ఎవరైనా రాయి తెస్తే అందరిలో పెద్దవాడు చేతిలోకి తీసుకొని చూసి పక్కవాడికి ఇచ్చేవాడు. అందరూ చూశాక ధర తేల్చేవారు. సాయంత్రం లాభం పంచుకునేవారు. పెద్దవాళ్ళ బేరాలైతే గుడ్డ కింద చేతులతో మౌనంగా జరిగేవి. అరచెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలిలో సగం పట్టుకుంటే యాభై. నలుగురి మధ్య కూర్చొని లక్షల బేరం చేసినా పక్కవాడికి అంకె తెలిసేది కాదు.

ఒక చిన్న లెక్క

1642లో గోల్కొండలో టావెర్నియర్‌కు ఒక బల్లపరుపు వజ్రాన్ని చూపించారు. బరువు సుమారు 242 క్యారెట్లు. అడిగిన ధర 5 లక్షల రూపాయలు. ఆయన సీసంతో దాని నమూనా పోయించి సూరత్‌లోని మిత్రులకు పంపాడు. వాళ్ళు 4 లక్షల దాకా వెళ్ళమన్నారు. బేరం కుదరలేదు.

ఆనాటి మారకంలో వరహా మూడు రూపాయలకు కాస్త పైమాట. అంటే గని కూలీకి ఏడాదికి దాదాపు పది రూపాయలు. మనమే కూర్చొని లెక్క కడితే ఆ ఒక్క రాయికి అడిగిన ధరతో 50,000 మందికి ఏడాది జీతం ఇవ్వవచ్చు. కొల్లూరులోనూ అదే కూలి అనుకుంటే, ఆ ఊరంతటి సంవత్సరపు చెమటలో చాలాభాగం ఒక మనిషి పిడికిట్లో ఇమిడిపోయింది. ఐరోపాలో ఎవరైనా ఈ లెక్క వేసివుంటే బంగారు పట్టణం ఎలా పుడుతుందో తెలిసేది. అక్కడ నేలలో ధనం ఎక్కువై కాదు, తవ్వే చేతికి దక్కేది తక్కువై అది అంతగా మెరిసింది.

టావెర్నియర్ సంస్కర్త కాదు, వర్తకుడు. ఆ కూలీల తరఫున ఆయన పోరాడలేదు. వాళ్ళు తవ్వినదాన్ని కొని అమ్మి ధనవంతుడయ్యాడు. కాని వాళ్ళను చూశాడు, లెక్కపెట్టాడు, జీతమెంతో అడిగాడు, దాచకుండా రాశాడు. ఆయన రాయకపోతే ఆ 60,000 మంది ఉన్నారని చెప్పే సాక్ష్యం మనకు ఎంత మిగిలేదో!

ఇలా వజ్రాలు వెతుక్కుంటూ వచ్చినవాడు ఆయన ఒక్కడే కాదు. 1652లో బందరు రేవులో దిగి, గండికోటలో మీర్ జుమ్లాను కలిశాడు. ఆయన అనుమతి లేకుండా రాజుకు ఏ వస్తువూ అమ్మే వీలులేదు. కాళ్ళకు జోళ్ళు లేకుండా నేల మీద కూర్చొని, కాలివేళ్ళ సందుల్లో, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు పెట్టుకొని ఒక్కొక్కటి తీసి జవాబు చెప్పించే ఆ మంత్రిని టావెర్నియర్ ఆశ్చర్యంగా చూశాడు. మీర్ జుమ్లా కూడా పర్షియాలో నూనె వర్తకుడి ఇంట పుట్టి, వజ్రాల వ్యాపారం మీద ఈ దేశానికి వచ్చినవాడే. గనులు గుత్తకు తీసుకొని రాజును మించినవాడయ్యాడు. చివరకు ఆ రాజుతోనే చెడి మొగలుల పక్షం చేరాడు. 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ రోగంతో చనిపోయాడు.

రాజు చేతికి నీలి వజ్రం

1668లో ఆఖరి ప్రయాణం ముగించుకొని టావెర్నియర్ పారిస్ చేరాడు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఆయన దగ్గర వెయ్యికి పైగా వజ్రాలు కొన్నాడు. వాటిలో 112 క్యారెట్ల నీలి వజ్రం ఒకటి. అది కొల్లూరుదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ ఒక్కదానికే రాజు 2,20,000 లీవ్రులు ఇచ్చాడు. లీవ్రు ఆనాటి ఫ్రాన్సు నాణెపు లెక్క. 1669లో రాజు ఆయనను ప్రభువర్గంలో చేర్చాడు. మరుసటి ఏడాది టావెర్నియర్ జెనీవా దగ్గర ఓబొన్ అనే జమీను కొన్నాడు. పటాలమ్మేవాడి కొడుకు ఓబొన్ ప్రభువయ్యాడు. 1676లో ఆయన ఆరు ప్రయాణాల పుస్తకం వెలువడి, ఇంగ్లీషు మొదలైన భాషల్లోకి కూడా వెళ్ళింది.

కథ ఇక్కడ ఆగితే దాన్ని చెప్పుకోవడం సులువు. కష్టపడ్డాడు, సంపాదించాడు, స్థిరపడ్డాడు అని ముగించవచ్చు. కాని అది అక్కడ ఆగలేదు.

ఫ్రాన్సులోని ప్రొటెస్టెంటులకు ఆరాధన స్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని 1685లో అదే 14వ లూయీ రద్దు చేశాడు. ప్రార్థనామందిరాలు కూల్చారు. కాపరులను దేశం వెళ్ళగొట్టారు. సామాన్య విశ్వాసులు దేశం విడిచిపోకూడదని ఆజ్ఞాపించారు. అయినా వేలాది కుటుంబాలు రాత్రివేళ సరిహద్దులు దాటాయి. ఏ రాజు కిరీటం కోసం టావెర్నియర్ నీలి వజ్రం తెచ్చాడో ఆ రాజు రాజ్యంలో ఆయన విశ్వాసానికి చోటు లేకుండాపోయింది. తండ్రి తరం ఆంట్‌వెర్ప్ విడిచినట్టు కొడుకు పారిస్ విడవవలసివచ్చింది. ఓబొన్ జమీనును కూడా 1685లోనే అమ్మేశాడు. 1687లో పారిస్ నుంచి స్విట్జర్లాండుకు వెళ్ళిపోయాడు.

అదే 1687లో ఇక్కడ గోల్కొండ కోట కూలింది. ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు సైన్యం లోపలికి ప్రవేశించింది. ఆఖరి రాజు తానాషా దౌలతాబాదులో ఖైదీగా మిగిలిన జీవితం గడిపాడు. వజ్రాల పట్టణమూ, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన వర్తకుడూ ఒకే ఏడాది నీడ కోల్పోయారు.

టావెర్నియర్ అప్పటికే ఎనభై దాటాడు. బ్రాండెన్‌బర్గ్ పాలకుడు ఫ్రెడరిక్ విలియం 1684లోనే ఆయనను పిలిపించి తూర్పుదేశాల వర్తకం గురించి ఆలోచన చేశాడు. ఆ వయసులో ఆయన మళ్ళీ తూర్పుకు బయలుదేరాడు. ఈసారి కోపెన్‌హాగెన్ మీదుగా, రష్యా మంచు దారిన, పర్షియా చేరాలని. 1689లో ఆ దారిలోనే కన్నుమూశాడు. రెండు శతాబ్దాల తరువాత మాస్కోలోని పాత ప్రొటెస్టెంట్ శ్మశానవాటికలో ఆయన సమాధి కనిపించింది. బంగారు పట్టణం కథ ఎంతవరకు నిజమో అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయన. అలాంటివాడిని కూడా ఎనభై నాలుగో ఏట ఆ దారి మళ్ళీ పిలిచింది.

చనిపోయాక పుట్టిన కథలు

మనిషి పోయాక కట్టుకథలు తిరిగివచ్చాయి. టావెర్నియర్ ఆ నీలి వజ్రాన్ని ఒక విగ్రహం కంటి నుంచి పెరికాడనీ, ఆ శాపం వల్ల కుక్కలు ఆయనను చీల్చి చంపాయనీ ఎవరో అల్లారు. ఈనాటికీ ఆ కథ వీడియోల్లో తిరుగుతోంది. ఆయన వర్తకుడు, డబ్బిచ్చి కొన్నాడు. కొన్న తరువాత వృద్ధాప్యం దాకా బ్రతికాడు. ఆ వజ్రం మాత్రం రూపం మారుతూ, చేతులు మారుతూ పోయింది. 14వ లూయీ దాన్ని చెక్కించి చిన్నది చేశాడు. 1792లో విప్లవపు అల్లర్లలో దొంగలు ఎత్తుకుపోయారు. మళ్ళీ చెక్కుడుపడి హోప్ వజ్రమనే పేరుతో బయటపడింది. 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో అద్దాల వెనుక ఉంది. ఇప్పుడు దాని బరువు 45.52 క్యారెట్లు.

కొల్లూరు ఇప్పుడు లేదు. ఆ గనులున్న నేల పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది.

మన మధ్య బంగారు పట్టణాలు

ఈ జీవితం మనకెందుకు? తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాలకు వెళ్ళి చూడండి. ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చి, చెట్ల కింద పడుకొని, వంగి నేల వెతుకుతుంటాయి. ఎవరో ఒకరికి రాయి దొరికిందన్న వార్త పేపర్లో వస్తుంది. దొరకని వందల మంది వార్త రాదు. కొర్తేస్ తరువాత వెళ్ళినవాళ్ళకు జరిగింది ఇదే.

పొలాల దాకా వెళ్ళనక్కర్లేదు. డబ్బు రెట్టింపు చేస్తామన్న స్కీములు, వీసా వచ్చేసినట్టేనని చెప్పే ఏజెంట్లు, రేపు ధర పెరుగుతుందని చూపించే ప్లాట్లు మన సంఘాల్లోని కుటుంబాలకు కొత్తకాదు. కూతురి పెళ్ళికి దాచిన సొమ్ము అలా పోయిన ఇళ్ళున్నాయి. వాళ్ళు ఆశపోతులని తీర్పు తీర్చడం సులువు. కాని వాళ్ళు కూడా ఆ నావికుల్లాగే గింజంత నిజం చూసి నమ్మినవాళ్ళు, చాలామంది అప్పు చేసి బయలుదేరినవాళ్ళు. వెనక్కి రావడానికి ముఖం చెల్లక ముందుకే పోతారు. అలాంటివారికి సంఘం ఇవ్వగలిగిన సహాయం ఒకటుంది. ఉత్తచేతులతో తిరిగివచ్చినా తల ఎత్తుకొని నడవగల చోటు కావడం. రాలీకి ఆ చోటు దొరకలేదు.

టావెర్నియర్ నుంచి నేర్చుకోదగిన రెండో సంగతి ఆయన అడిగిన ప్రశ్నలు. ఈ రాయి ఎక్కడిది? ఎవరు తవ్వారు? వాళ్ళకు ఎంత ఇచ్చారు? ఏ ధనం గురించి విన్నా ముందు ఈ మూడు అడగడం మంచి అలవాటు. లాభం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేని స్కీము ఆ మొదటి ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. మనం చవకగా కొనే వస్తువు వెనుక కూడా ఎవరో ఒకరు వరసగా కూర్చొని చేతులతో ఏరుతూ ఉంటారు.

యోబు గ్రంథం 28వ అధ్యాయం ఈ వారం ఇంట్లో కలిసి చదవండి. చీకటిని చీల్చుకొని భూమి లోపలికి దిగి వెండిని, బంగారాన్ని, నీలాలను వెలికితీసే మనుషుల పనితనాన్ని ఆ భక్తుడు ఎంత మెచ్చుకుంటాడో గమనించండి. ఆ తరువాత అతడు అడిగే ప్రశ్న దగ్గర ఆగండి. అతడు వెతికేది ఓఫీరు బంగారంతో కొనలేనిది. ఆరుసార్లు సగం లోకం తిరిగిన టావెర్నియర్ చివరి దారి ఎక్కడికి పోయిందో తలచుకుంటూ చదివితే ఆ అధ్యాయం మరింత దగ్గరగా వినిపిస్తుంది.